అల్యూమినియం ల్యాప్‌టాప్‌పై తుడిచినా పోని తెల్లటి చుక్కలు ఏమిటి?

కీబోర్డు కింద అరచేతులు ఆనే చోట ఏర్పడి, ఎంత తుడిచినా పోని ఆ చుక్కలు మురికి కావు. అక్కడ లోహమే కొంత క్షయమైంది.

ల్యాప్‌టాప్‌కు కనిపించే రంగు పైన పూసిన పెయింటు కాదు. ఆమ్ల ద్రావణంలో విద్యుత్తును ప్రసరింపజేసి అల్యూమినియం పైభాగాన్నే ఆక్సైడ్‌గా మార్చి, ఆ పొరలోని సూక్ష్మరంధ్రాల్లోకి రంగు ఎక్కించి, తరువాత వాటిని మూసివేస్తారు. దీనినే యానోడైజింగ్ అంటారు. ఈ పొర చాలా గట్టిదే గాని, మందం సాధారణంగా 5 నుంచి 25 మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). వాచీ పట్టీయో గాజులో రోజూ రాసుకునే అంచు దగ్గర అది పలుచబడినప్పుడు, చెమట ఉప్పులోని క్లోరైడు లోపలికి చేరి, సూది మొనంత గుంటలు చేస్తుంది. గుంట చుట్టూ కనిపించే తెల్లటి పొడి అల్యూమినియం తుప్పే. ముదురు రంగు మోడళ్లలో అడుగునున్న వెండి రంగు బయటపడటం వల్ల చిన్న గీత కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇత్తడి చెంబుకు రాసినట్టు చింతపండో నిమ్మరసమో, లేదా వంట సోడానో దీనికి రాయకూడదు. ఆక్సైడ్ పొర పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం) సుమారు 4 నుంచి 8.5 మధ్యనే నిలకడగా ఉంటుంది; చింతపండు, నిమ్మరసాల పీహెచ్ అంతకంటే తక్కువ. సోడా పలుకులేమో గీతలు పెడతాయి. టూత్‌పేస్టుదీ అదే సంగతి. ల్యాప్‌టాప్ ఆపివేసి, మెత్తని గుడ్డను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి తుడిస్తే జిడ్డు, ఉప్పు పోతాయి. గుంటలు మాత్రం పూడవు. పనితీరుకు వాటివల్ల నష్టం లేదు కనుక, అరచేతుల చోట పలుచని స్టిక్కరు అంటించుకోవడమే నా దృష్టిలో చవకైన ఉపాయం.