థైమాల్ ఎక్కించిన పొర బుడగలెత్తితే: సమాధానం

సెల్యులోజ్ అసిటేట్ (సెల్యులోజ్ నుంచి చేసే ఒక ప్లాస్టిక్) పొరలోకి అధిక పీడనపు కార్బన్ డయాక్సైడ్ సాయంతో థైమాల్‌ను (వాము వాసనకు కారణమైన, బాక్టీరియాను అడ్డుకునే పదార్థం) ఎక్కిస్తుంటే పొర పాడవుతోందని అడిగారు. మీ పొర బుడగలెత్తి తెల్లబారడానికీ, దానిపై థైమాల్ పొడిలా పేరుకోవడానికీ కారణం చాలావరకు ఒక్కటే: చివర్లో పీడనాన్ని ఒక్కసారిగా దించేస్తున్నారు.

1. పొర తయారీకి వాడిన ద్రావకం అసిటోన్ అందులో మిగలకుండా ముందే పూర్తిగా ఆరబెట్టండి.

2. కార్బన్ డయాక్సైడ్ 31 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్ దాటితేనే సూపర్‌క్రిటికల్ స్థితికి (వాయువులా చొచ్చుకుపోతూ ద్రవంలా కరిగించుకునే స్థితికి) వస్తుంది. గుంటూరు మే నెల ఎండకు సిలిండర్‌లో ద్రవమే ఉండదు కనుక, పంపు తలను (ద్రవాన్ని నెట్టే భాగాన్ని) చల్లబరచనిదే పీడనం సరిగా ఎక్కదు.

3. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పొరను థైమాల్ కరిగిన ఆ కార్బన్ డయాక్సైడ్‌లో నానబెట్టడం ముగియగానే హీటర్ ఆపి వాల్వు తెరుస్తారు. అప్పుడు వాయువు వ్యాకోచిస్తూ చల్లబడి, అందులో ఇంకా కరిగి ఉన్న థైమాల్ పొరపైనే స్ఫటికాలుగా రాలిపోతుంది, పొర లోపల చిక్కిన వాయువేమో బయటపడే దారిలేక బుడగలుగా ఉబ్బుతుంది. హీటర్‌ను చివరిదాకా ఉంచి, వాల్వును కొద్దికొద్దిగా మాత్రమే తిప్పండి. వాల్వు మీద మంచు పేరుకుంటే మీరు తొందరపడుతున్నట్టే.

4. పాత్ర తెరవగానే వాము వాసన ఘాటుగా కొట్టినంత మాత్రాన థైమాల్ లోపలికి ఎక్కిందనుకోకండి. పైపొడి తుడిచాకే తూచండి. బాక్టీరియా పరీక్షలో, ఫలితం థైమాల్ వల్లనేనా అని తేలడానికి, థైమాల్ లేకుండా అదే పీడనానికి గురిచేసిన పొరను కూడా పక్కన పెట్టండి.