పెరటి ప్రశ్నలు: వంగ పూత రాలిపోతోంది, ఏం చెయ్యను?

అక్కా, నమస్తే. మేం ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాం. ఇంటికి ఉత్తరం వైపు కుండీల్లో వంగ మొక్కలు పెట్టాను. మార్చి చివర్లో నారు పోసి, మే మొదట్లోనే బయట పెట్టేశాను. ఇప్పుడు జులై. ఆకు నవనవలాడుతోంది, పూత విరగబూస్తోంది. కానీ పిందె పట్టకుండానే పువ్వు తొడిమతో సహా పసుపెక్కి రాలిపోతోంది. వారం వారం టమాటా ఎరువు పోస్తూనే ఉన్నాను. ఎరువు చాలట్లేదంటారు మా అత్తయ్య. ఒక్కసారికైనా గుత్తివంకాయకి సరిపడా కాస్తాయా?
– ఒక పాఠకురాలు, లీడ్స్

చెల్లెమ్మా, ఎరువు సంగతి తర్వాత. ముందు రాత్రి చలి ఎంతుందో చూడు. లీడ్స్‌లో జులైలో కూడా రాత్రిళ్లు 12, 13 డిగ్రీలకి దిగిపోతుంది. 15 లోపుకి పడిందంటే వంగ పువ్వులో పుప్పొడి సరిగ్గా తయారవదు. ఆకుకి ఏమీ కాదు, అందుకే మొక్క బాగానే ఉందనుకుంటాం. రాత్రి కనిష్ఠం చూపించే థర్మామీటరొకటి కొని కుండీ పక్కన వేలాడదియ్యి.

ఇప్పుడు పువ్వు చూడు. పొద్దున విచ్చిన పువ్వుని కాస్త పైకెత్తితే మధ్యలో పసుపు కేసరాలు గుత్తిగా కనిపిస్తాయి. వాటి నడుమ ఆకుపచ్చటి మొన ఉంటుంది. అది కేసరాలని దాటి బయటికొస్తే ఆ పువ్వు పిందె కట్టే రకం. లోపలే దాగిపోతే అది ఎలాగూ రాలిపోయేదే, దాని కోసం బెంగపడకు. ఒంట్లో సత్తువ లేని మొక్కకి ఈ పొట్టి మొన పూలే ఎక్కువ పూస్తాయి. కాబట్టి మీ అత్తయ్యగారి మాటా కొట్టిపారేసేది కాదు. కుండీ చిన్నదైతే 30 సెంటీమీటర్ల దానిలోకి మార్చు.

ఉత్తరం వైపు ఎండెక్కడిది? ఈరోజే కుండీలన్నీ దక్షిణపు గోడ పక్కకి జరుపు. పగలంతా ఎండకి కాగిన ఇటుక గోడ రాత్రి వెచ్చదనాన్నిస్తుంది. సాయంత్రం ఫ్లీస్ గుడ్డ (మొక్కలకి చలి తగలకుండా కప్పే పల్చటి గుడ్డ) కప్పి, పొద్దున్నే తీసెయ్యి, లేకపోతే తుమ్మెదలు రావు. వంగ కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి, అదిరితే తప్ప పుప్పొడి రాలదు. అక్కడి లావుపాటి బంబుల్‌బీలు ఝుమ్మని అదిరించేది అందుకే. అవి రాకపోతే మధ్యాహ్నం, పువ్వు పొడిగా ఉన్నప్పుడు, ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక వైపు కాడకి క్షణంపాటు ఆనించు.

పెద్ద కాయల రకమైతే మొక్కకి ఐదారు పిందెలు నిలిచాక మిగతా పూత తుంచెయ్యి. ఆగస్టు సగం దాటాక వచ్చే పూతా అంతే, అది కాయయ్యే లోపు చలి ముంచుకొస్తుంది. తుంచాలంటే ప్రాణం ఒప్పదని తెలుసు, అయినా తుంచాల్సిందే. టమాటా ఎరువులో పొటాష్ ఎక్కువ, పిందె పట్టాక అది బాగా అక్కరకొస్తుంది.

వచ్చే ఏడు ఫిబ్రవరిలోనే నారు పొయ్యి. మట్టి 21 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి, చల్లటి కిటికీ గట్టు పనికిరాదు. జూన్ వచ్చేదాకా బయట పెట్టకు. మన భాగ్యమతి మన ఎండలకి పుట్టిన రకం. అక్కడి ఆరుబయట త్వరగా కాసే బొనికా నమ్మకమైనది. గుత్తివంకాయకైతే ప్యాటియో బేబీ వేసి చూడు, పొట్టి మొక్క, చిన్న కాయలు, ముచ్చిక ఉంచి నాలుగు పక్షాలు చేసుకోవడానికి సరిగ్గా సరిపోతాయి.

గ్రీన్‌హౌస్‌లో వంగాకు మీద తెల్లటి చుక్కలు పడి ఆకు పాలిపోతోంది. చలి వల్లేనా అక్కా?
– ఒక పాఠకుడు, ఎడిన్‌బరా

కాదు తమ్ముడూ, ఎర్రనల్లిలా ఉంది. ఆకు తిప్పి భూతద్దంతో చూడు, సన్నటి గూడు, కదిలే చుక్కలు కనిపిస్తే అదే. దానికి వేడీ పొడిగాలీ ఇష్టం. రోజూ ఆకు అడుగున నీళ్లు చిలకరించు, బాగా పాకిన ఆకులు తీసి పారెయ్యి. ఎర్రనల్లిని తినే ఫైటోసియులస్ అనే మరో నల్లిని అక్కడ తోట సామాన్ల కంపెనీలు పోస్టులో పంపుతాయి. అది తెప్పిస్తే మాత్రం పురుగుమందు కొట్టకు, కొడితే ముందు చచ్చేది అదే.