టెక్ సందేహాలు: 0.58 దగ్గర ఆగిపోయే కోడ్

ప్రశ్న: నాన్‌లీనియర్ సమీకరణాలు సాధించడానికి పైథాన్‌లో కంటిన్యుయేషన్ కోడ్ రాశాను. నిజం చెప్పాలంటే సగం చాట్‌బాట్ రాసింది. చిన్న చిన్న లెక్కలకు జవాబులు బాగానే వస్తున్నాయి. మా గైడ్ ‘ఫ్రాయిడెన్‌స్టైన్–రోత్ మీద టెస్ట్ చేసి చూపించు’ అన్నారు. అక్కడ లాంబ్డా 0.58 దాటడం లేదు. స్టెప్ ఎంత తగ్గించినా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఆర్క్‌లెంగ్త్ ఆప్షన్ పెడితే ఆగదు గానీ అక్కడక్కడే ముందుకీ వెనక్కీ ఊగుతోంది. తప్పు కోడ్‌దా, లెక్కదా? వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.
– ఎంటెక్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ఎర్రర్ ఇచ్చి ఆగిపోవడం లెక్క స్వభావం. అక్కడక్కడే ఊగడం మాత్రం దాదాపుగా మీ కోడ్ తప్పే, బహుశా ఒక్క లైన్ తప్పు. మీ గైడ్ ఊరికే ఆ లెక్క ఇవ్వలేదు.

ఈ గొడవ తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. నాన్‌లీనియర్ సమీకరణాలకు న్యూటన్ పద్ధతి వాడితే, మొదటి ఊహ జవాబుకు దగ్గరగా ఉంటేనే పని అవుతుంది. దూరంగా ఉంటే ఎటు పోతుందో చెప్పలేం. అందుకని జవాబు ముందే తెలిసిన సులువైన లెక్కతో మొదలుపెట్టి, దాన్ని కొద్దికొద్దిగా అసలు లెక్కగా మారుస్తూ పోతాం. ఆ మార్పును కొలిచే మీట లాంబ్డా: 0 దగ్గర సులువు లెక్క, 1 దగ్గర అసలు లెక్క. ప్రతి అడుగులోనూ పాత జవాబే కొత్త ఊహ. కంటిన్యుయేషన్ అంటే ఇంతే.

ఇప్పుడు మీ లెక్క. 1963లో ఫ్రాయిడెన్‌స్టైన్, రోత్ ఇచ్చిన రెండు సమీకరణాలు ఇవి:

ఎక్స్ − వై³ + 5వై² − 2వై − 13 = 0
ఎక్స్ + వై³ + వై² − 14వై − 29 = 0

జవాబు ఎక్స్ = 5, వై = 4. బయలుదేరే చోటు (15, −2). అక్కడ మొదటి సమీకరణం విలువ 34, రెండోదాని విలువ 10. కాబట్టి మొదటిదానికి 34(లాంబ్డా − 1), రెండోదానికి 10(లాంబ్డా − 1) కలిపితే, లాంబ్డా 0 దగ్గర (15, −2) సరిగ్గా జవాబవుతుంది, 1 దగ్గర అసలు సమీకరణాలు మిగులుతాయి. రైన్‌బోల్ట్, బర్కార్ట్ 1983లో విడుదల చేసిన పిట్‌కాన్ అనే ఫోర్ట్రాన్ ప్రోగ్రాంను పరీక్షించడానికి వాడిందీ ఇదే రూపం.

దీని గొప్పతనం ఏమిటంటే జవాబు పత్రం మన చేతిలోనే ఉంటుంది. రెండో సమీకరణంలోంచి మొదటిదాన్ని తీసేయండి, ఎక్స్ ఎగిరిపోతుంది. మిగిలేది:

లాంబ్డా = 1 + (వై³ − 2వై² − 6వై − 8) / 12

కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చాలు. వై −2 నుంచి పెరుగుతుంటే లాంబ్డా 0 నుంచి 0.5876 దాకా ఎక్కుతుంది. అక్కడ వై −0.8968. తర్వాత లాంబ్డా వెనక్కి తిరిగి, సున్నా దాటి, −0.6864 దాకా దిగిపోతుంది (అక్కడ వై 2.2301). మళ్లీ తిరిగి అప్పుడు 1కి చేరుతుంది. మీరు ‘లాంబ్డా పెరుగుతూనే ఉండాలి’ అని పట్టుబడితే 0.5876 తర్వాత దారే లేదు. స్టెప్‌ను పదివేలో వంతు చేసినా లేని దారి పుట్టదు.

ఘాట్ రోడ్డు గుర్తు తెచ్చుకోండి. కొండ మీది ఊరు తూర్పున ఉందని కారును తూర్పుకే నడుపుతానంటే మొదటి హెయిర్‌పిన్ మలుపులోనే లోయ. రోడ్డు పడమరకు తిరిగితే మనమూ తిరగాలి. అందుకే తూర్పుకు ఎంత జరిగామన్నది పక్కనపెట్టి, రోడ్డు వెంబడి ఎన్ని కిలోమీటర్లు వచ్చామో లెక్కపెట్టుకుంటాం. 1977లో కెల్లర్ ప్రతిపాదించిన సూడో ఆర్క్‌లెంగ్త్ పద్ధతి చేసేది ఇదే. లాంబ్డాను కూడా ఒక తెలియని రాశిగా తీసుకుని, వక్రరేఖ వెంబడి నడిచిన దూరంతో అడుగులు వేస్తుంది.

మరి ఆ ఆప్షన్ పెట్టినా ఎందుకు ఊగుతోంది? మీ కోడ్‌లో టాంజెంట్ వెక్టర్ (వక్రరేఖ ఆ బిందువు దగ్గర ఎటు పోతోందో చూపే బాణం) లెక్కకట్టే చోట చూడండి. టాంజెంట్‌కు రెండు దిక్కులుంటాయి, ఏదో ఒకటి ఎంచుకోవాలి. లాంబ్డా భాగం పాజిటివ్‌గా ఉండేలా గుర్తు మార్చే లైన్ ఒకటి అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. మలుపు దాటగానే లాంబ్డా తగ్గాలి, ఆ లైన్ తగ్గనివ్వదు, బండిని మళ్లీ వచ్చిన దారికే తిప్పుతుంది. దాన్ని తీసేసి, కొత్త టాంజెంట్‌కూ కిందటి అడుగు టాంజెంట్‌కూ డాట్ ప్రాడక్ట్ పాజిటివ్‌గా ఉండాలన్న షరతు పెట్టండి.

ఇది సరిచేశాక స్టెప్ సంగతి. ఈ దారిలో ఎక్స్ 15 నుంచి 14.28కి దిగి, 61.67 దాకా ఎక్కి, మళ్లీ 5కి వస్తుంది. ఎక్స్ ఒక్కటే దాదాపు 105 యూనిట్లు తిరుగుతుంది, లాంబ్డా మాత్రం −0.69కీ 1కీ మధ్యే ఊగిసలాట. ఆర్క్‌లెంగ్త్ 0.1 దగ్గర బిగించి, గరిష్ఠంగా 500 అడుగులని పెట్టారనుకోండి, సగం దారిలో ఆగిపోయి మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.

రివ్యూలో జవాబు (5, 4) ఒక్కటే చూపించి కూర్చోకండి. రెండు మలుపుల దగ్గరి విలువలూ నాలుగు దశాంశాల దాకా పైన ఇచ్చాను, వాటితో పోల్చి చూపండి. (5, 4) నుంచి వెనక్కి నడిపించి (15, −2)కి చేరుతుందో లేదో చూడండి. ఆయిలర్ ప్రిడిక్టర్ (టాంజెంట్ వెంట నేరుగా ఒక అడుగు వేసి తర్వాతి బిందువును ఊహించడం) వాడుతుంటే, స్టెప్ సగం చేసినప్పుడు ఊహకూ వక్రరేఖకూ మధ్య దూరం నాలుగో వంతు కావాలి.

అన్నిటికంటే ముఖ్యం జాకోబియన్, అంటే సమీకరణాల డెరివేటివ్‌ల పట్టిక. చాట్‌బాట్ రాసిన డెరివేటివ్‌లలో ఒక గుర్తు తారుమారైనా న్యూటన్ కొన్నిసార్లు జవాబుకు చేరుతుంది, కాకపోతే కుంటుకుంటూ చేరుతుంది. అందుకే తప్పు బయటపడదు. నేనూ ఒకప్పుడు ‘కన్వర్జ్‌డ్’ అన్న మాట చూసి మురిసిపోయి, మైనస్ గుర్తు తప్పు పోయిన కోడ్‌ను నెలల తరబడి వాడాను. ప్రతి ఇటరేషన్‌లో మిగులు (సమీకరణాల విలువ సున్నాకు ఇంకా ఎంత దూరం) ఎంతుందో ప్రింట్ చేయించండి. వందో వంతు, పదివేలో వంతు, పది కోట్లో వంతు అంటూ సున్నాల సంఖ్య రెట్టింపవుతుంటే జాకోబియన్ సరైనదే. ప్రతిసారీ ఏ మూడో వంతో మాత్రమే తగ్గుతుంటే ఎక్కడో తప్పుంది.

ఒక తమాషా చెప్పి ముగిస్తాను. ఇవే సమీకరణాలను వర్గాల మొత్తం తగ్గించే ఆప్టిమైజర్‌కు (0.5, −2) నుంచి ఇస్తే, అది తరచూ (11.41, −0.8968) దగ్గర 48.98 విలువతో ఇరుక్కుపోతుంది. ఆ వై విలువను ఎక్కడో చూసినట్టు లేదూ? అది మీ మొదటి మలుపు దగ్గరి వై విలువే. వై = −0.8968 అనే గీత మీద ఎక్కడ నిలబడినా జాకోబియన్ సింగ్యులర్, అంటే దాని డిటర్మినెంట్ సున్నా.

మీది పవర్ సిస్టమ్స్ అయితే తర్వాతి మెట్టు కంటిన్యుయేషన్ పవర్ ఫ్లో. లోడ్ పెంచుకుంటూ పోతే వోల్టేజ్ గీత ముక్కు ఆకారంలో తిరుగుతుంది, ఆ కొన దగ్గర మామూలు న్యూటన్–రాఫ్సన్ చేతులెత్తేస్తుంది. దాన్ని దాటే పద్ధతి మీద బాగా వాడుకలో ఉన్న పేపర్ 1992 నాటిది, రాసినవారు అజ్జరపు, క్రిస్టీ. మొదటి ఇంటిపేరు మనవాళ్లకు కొత్తదేం కాదు.

ప్రశ్న: ఆరు కీళ్ల రోబో చెయ్యికి ఇన్వర్స్ కైనమాటిక్స్ (చెయ్యి కొన ఫలానా చోట ఉండాలంటే కీళ్ల కోణాలెంత అన్న లెక్క) కోసం నేనే హోమోటోపీ ట్రాకర్ (కంటిన్యుయేషన్ దారుల వెంట నడిచే ప్రోగ్రాం) రాసుకున్నాను. 16 జవాబులు రావాలి. ఒక్కోసారి 15 వస్తున్నాయి, రెండు దారులు ఒకే జవాబుకు చేరుతున్నాయి. డూప్లికేట్ తీసేస్తే సరిపోతుందా?
– రోబోటిక్స్ ఇంజినీర్, హైదరాబాద్

జవాబు: తీసేయకండి, అది సాక్ష్యం. ముందు ఆ జవాబు దగ్గర జాకోబియన్ చూడండి. అది నాన్‌సింగ్యులర్ అయితే అక్కడికి ఒక్క దారే రావాలి. రెండొచ్చాయంటే మధ్యలో ఎక్కడో రెండు దారులు దగ్గరగా నడిచినప్పుడు మీ ట్రాకర్ ఒకదాని మీంచి పక్కదాని మీదికి దూకేసింది. ఆ రెండు దారుల్నే స్టెప్ తగ్గించి, టాలరెన్స్ బిగించి మళ్లీ నడిపించండి. మొదటి లెక్కను ఒక యాదృచ్ఛిక కాంప్లెక్స్ సంఖ్యతో గుణించే గామా చిట్కా వాడుతున్నారనే అనుకుంటున్నాను. ఆ సంఖ్యను మార్చి పదిసార్లు నడిపితే పదిసార్లూ అవే 16 రావాలి.

ట్రాకర్‌ను పరీక్షించడానికి జవాబుల సంఖ్య ముందే తెలిసిన లెక్కలున్నాయి. సైక్లిక్ అనే సమీకరణాల కుటుంబం అలాంటిదే: సైక్లిక్–5కి 70, సైక్లిక్–6కి 156, సైక్లిక్–7కి 924. అంతకన్నా ముందు, పైన కాకినాడ విద్యార్థి తంటాలు పడుతున్న ఆ రెండు సమీకరణాలే ఇచ్చి చూడండి. డిగ్రీలు 3, 3 కాబట్టి మొత్తం 9 దారులు. వాటిలో 3 మాత్రమే గమ్యం చేరాలి: (5, 4) ఒకటి, మిగతా రెండూ కాంప్లెక్స్ జవాబులు (13 ± 14ఐ, −1 ± ఐ). మిగిలిన 6 అనంతానికి పోవాలి. మీ కోడ్ 4 తెచ్చినా తప్పే, 2 తెచ్చినా తప్పే, 6 దారుల కోసం రాత్రంతా తిరుగుతూ కూర్చున్నా తప్పే. జూలియాలో హోమోటోపీ కంటిన్యుయేషన్ ప్యాకేజీ ఉంది, దాని జవాబుతో సరిచూసుకోండి. అందులో సర్టిఫై అనే ఫంక్షన్ వచ్చిన జవాబు నిజమైనదో కాదో ఇంటర్వల్ లెక్కలతో రుజువు చేస్తుంది.

ప్రశ్న: ఎల్‌టీస్పైస్ సిమ్యులేటర్‌లో సర్క్యూట్ రన్ చేస్తే ‘జీమిన్ స్టెప్పింగ్ మొదలవుతోంది’ అని వస్తోంది. సాఫ్ట్‌వేర్ పాడైందా?
– డిప్లొమా విద్యార్థిని, విజయవాడ

జవాబు: పాడవలేదమ్మా. మామూలు న్యూటన్‌కు డీసీ జవాబు దొరకలేదు, అందుకని కంటిన్యుయేషన్‌కు దిగింది. సర్క్యూట్‌లోకి కొంచెం కండక్టెన్స్ చేర్చి లెక్కను సులువు చేసి, ఆ చేర్చినదాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వస్తుంది. అదీ కుదరకపోతే సోర్స్ స్టెప్పింగ్, అంటే సప్లై వోల్టేజ్‌ను సున్నా నుంచి మెల్లగా పెంచడం. మీ సర్క్యూట్‌లో లాచ్ గానీ ష్మిట్ ట్రిగ్గర్ గానీ ఉంటే జాగ్రత్త: వాటికి ఒకటి కంటే ఎక్కువ డీసీ జవాబులుంటాయి, నిజం సర్క్యూట్‌లో నిలవని మధ్య జవాబును కూడా సిమ్యులేటర్ చూపించవచ్చు. నోడ్‌సెట్ ఆదేశంతో మీకు కావలసిన వైపు సూచించండి.

ప్రశ్న: బ్రాటు సమీకరణం (ఒక నాన్‌లీనియర్ డిఫరెన్షియల్ సమీకరణం) మీద కంటిన్యుయేషన్ ప్రాజెక్టు చేస్తున్నాను. 10,000 గ్రిడ్ పాయింట్లు పెడితే 8 జీబీ ల్యాప్‌టాప్ మొరాయిస్తోంది. గ్రాఫిక్స్ కార్డున్న కొత్తది కొనమంటారా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, వరంగల్

జవాబు: వద్దు. మీరు మ్యాట్రిక్స్ మొత్తం నింపి దాచుకుంటున్నట్టున్నారు. 10,000 వరుసలు, 10,000 నిలువులు అంటే ఒక్కో కాపీ 800 ఎంబీ, సాల్వర్ ఇంకా కాపీలు చేసుకుంటుంది. ఒక డైమెన్షన్ బ్రాటుకు సున్నా కానివి మూడు వికర్ణాలే, 240 కేబీలో సరిపోతాయి. పైథాన్ సైపైలో సున్నాలను దాచుకోని స్పార్స్ మ్యాట్రిక్స్ వాడండి. ఫలితం సరిచూడటానికి మూడు అంకెలు రాసుకోండి: మలుపు లాంబ్డా 3.5138 దగ్గర, లాంబ్డా 1 దగ్గర రెండు జవాబులు, వాటి మధ్య బిందువు విలువలు 0.1405, 4.0915. మామూలు సెంట్రల్ డిఫరెన్స్ వాడితే గ్రిడ్ దూరం సగం చేసినప్పుడు తేడా నాలుగో వంతు కావాలి. దానికి 50, 100, 200 పాయింట్లు చాలు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ అప్పటికీ మోత పెడుతుంటే లోపలి దుమ్ము దులిపించండి.