మున్సిపల్ ఎన్నిక నవల రాసే ముందు

చిరంజీవి మురళికి, పెదనాన్న ఆశీస్సులు.

1880ల నాటి రాజమండ్రి మున్సిపల్ ఎన్నిక మీద నవల మొదలుపెట్టావని, మొదటి అధ్యాయంలోనే పెద్ద ఊరేగింపు పెట్టావని మీ అమ్మ చెప్పింది. ఆ ఊరేగింపు తీసెయ్యి. ఊరంతా ఓటేసే రోజులు కావవి. పన్ను కట్టేవాడికే ఓటు, అదీ ఇంతకు తగ్గకుండా కడితేనే. వకీళ్ళు, షావుకార్లు, సొంత మేడలున్నవాళ్ళు, ఇలా అందరూ ముఖపరిచయం ఉన్నవాళ్ళే. పార్టీల్లేవు, గుర్తుల్లేవు, వేలికి సిరా లేదు. కాంగ్రెస్ పుట్టిందే 1885 డిసెంబరులో, అదీ ఎక్కడో బొంబాయిలో.

1882లో స్థానిక స్వపరిపాలన మీద వైస్రాయి రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు మున్సిపాలిటీల చట్టం, కౌన్సిలర్లలో ముప్పాతిక మంది దాకా ఎన్నిక ద్వారా రావచ్చన్న వీలు. వీటికి నవల్లో రెండు వాక్యాలు చాలు. మిగతా సీట్లకు ప్రభుత్వమే మనుషుల్ని వేసేది. వాటికోసం కలెక్టరు బంగళా చుట్టూ తిరిగే పెద్దమనుషుల మీద మాత్రం ఒక అధ్యాయమే రాయొచ్చు.

నన్నడిగితే నీ కథ ప్రాణం ఇంటిపన్నులో ఉంది. ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో అంచనా వేసి, దాని మీద పన్ను వేసేవారు. ఎక్కువ వేశారని అర్జీ పెట్టుకుంటే వినేది చైర్మనూ, కౌన్సిలర్లూనే. మరి జీతంలేని ఆ పదవికి వకీలుగారు ఎందుకు నిలబడతారో వేరే చెప్పాలా? వియ్యంకుడి మేడకు అద్దె తక్కువ పడుతుంది, పడనివాడి పెంకుటింటికి ఎక్కువ పడుతుంది. పన్ను రసీదు అరుగు మీద పరిచి ఇద్దరు వాదులాడుకునే సీను ఒకటి రాయి, ఊరేగింపు కన్నా పదిరెట్లు రక్తి కడుతుంది. రూపాయికి పదహారు అణాల లెక్కలోనే రాయి సుమా. 'యాభై పైసలు' అని కనిపిస్తే నేనైతే పుస్తకం అక్కడే మూసేస్తాను.

ఓటరును రైల్లో గోదావరి దాటించకు. హేవలాక్ వంతెన తెరిచింది 1900లో. అప్పటిదాకా పడవలే.

వీరేశలింగంగారి వివేకవర్ధని పత్రిక 1874లో మొదలైంది. లంచాల మీద ఎలా విరుచుకుపడేదో దొరికిన సంచికల్లో చూడు, నీ పాత్రల మాటతీరు కూడా అక్కడే దొరుకుతుంది. చెన్నైలో ఎగ్మోరు ఆర్కైవ్స్‌కి వెళ్ళి పాత జీవోలు తిరగెయ్యి. దేశీ పత్రికల్లో ఏం రాస్తున్నారో ప్రభుత్వం ఇంగ్లీషులో సారాంశాలు తయారు చేయించుకునేది, అవీ అడుగు. బూజు పడదనుకుంటే మాస్క్ పట్టుకెళ్ళు.

డెడ్‌లైన్ అని టెన్షన్ పడకు. అరుగు సీను అయ్యాక ప్రింటు తీసి పోస్టులో పంపు. ఫోన్లో చదవడానికి నా కళ్ళు సహకరించవు.

పెదనాన్న