నేరుగా బొంత మొదలుపెట్టాలా, విడి బ్లాకులు కుట్టి నేర్చుకోవాలా?

జాకెట్లు కుట్టడం వచ్చు, అతుకు డిజైన్లు మాత్రం కొత్త, మంచానికి సరిపడా బొంత నేరుగా మొదలుపెట్టనా, ఒక్కో డిజైనుకి ఒక్కో బ్లాకు, అంటే ముక్కలు అతికి చేసే ఒక చదరం, కుట్టి చూడనా అని అడిగారు. బ్లాకులే కుట్టండి. నేరుగా దిగి నెల రోజుల మధ్యాహ్నాలు పోగొట్టుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నానండి.

మాది అమలాపురం దగ్గర. మా అమ్మమ్మ నాలుగైదు పాత నేత చీరలు పరిచి, కదలకుండా ఒక మూల పొత్రం, ఇంకో మూల ఇత్తడి చెంబు పెట్టి టాకాలు వేసేది. దానికి కొలతతో పని లేదు. ఆ ధీమాతోనే నేనూ 9 గళ్ళ డిజైను (మూడేసి చదరాలు మూడు వరసలు) మొదలుపెట్టాను. వరసలు కలిపేసరికి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. అతుకుల బొంత అని జనం ఎందుకు వెక్కిరిస్తారో అప్పుడు తెలిసింది.

తప్పు ఎక్కడుందో ఒక్క బ్లాకు కుట్టి కొలిస్తే బయటపడింది. నాలుగున్నర అంగుళాల చదరాలు మూడు కలిపితే పదమూడున్నర. ప్రతి కుట్టుకీ రెండు ముక్కల్లోనూ పావు అంగుళం చొప్పున వదిలితే రెండు కుట్లలో అంగుళం పోయి పన్నెండున్నర రావాలి. నాకు పదకొండున్నరే వచ్చింది. జాకెట్టు అలవాటు కొద్దీ అర అంగుళం పట్టేస్తున్నాను! మీకూ ఇదే జరుగుతుంది, రాసిపెట్టుకోండి. అంగుళంన్నర వెడల్పు పట్టీలు మూడు పక్కపక్కన కుట్టి చూడండి. మధ్య పట్టీ సరిగ్గా అంగుళం కనిపిస్తే మీ పావు అంగుళం కుదిరినట్టే. కుదరకపోతే సూది నుంచి పావు అంగుళం దూరంలో మిషను పలక మీద గాయాలకి వేసే ప్లాస్టరు రెండు మూడు పొరలు అంటించండి. గుడ్డ దాని గోడకి ఆనుకుని నడుస్తుంది. నాది ఇప్పటికీ అలాగే ఉంది, నల్లగా జిడ్డోడుతూ.

9 గళ్ళలోనే ఇంకో పాఠం ఉంది. మొదటి వరస కుట్టు మడతలన్నీ కుడికి, రెండో వరసవి ఎడమకి ఇస్త్రీ చేయండి. వరసలు ఎదురెదురుగా పెట్టి జరిపితే మడతలు ఒకదానికొకటి టక్కున తట్టుకుని ఆగుతాయి, బొటనవేలికే తెలుస్తుంది. అక్కడ గుండుసూది గుచ్చితే మూలలు తప్పవు.

తర్వాత త్రికోణాలు. ఇక్కడ క్రాసు అంచు, అంటే ఏటవాలుగా కత్తిరించిన అంచు, ఏడిపిస్తుంది. క్రాసు పట్టీ ఎలా సాగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే త్రికోణాలు కత్తిరించి కుట్టొద్దు. 5 అంగుళాల చదరాలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, మూల నుంచి మూలకి గీత గీసి, గీతకి రెండు వైపులా పావు అంగుళంలో కుట్టి, ఆ తర్వాత గీత మీద కత్తిరించండి. విప్పితే రెండేసి త్రికోణాలున్న చదరాలు రెండొస్తాయి, నాలుగున్నరకి అంచులు సరిచేసుకోండి. ఇస్త్రీ పెట్టె రుద్దొద్దు, పైనుంచి నొక్కి తీయండి.

మూడోది లాగ్ క్యాబిన్. అమెరికా వాళ్ళకి అది దుంగల ఇల్లు, నాకు మాత్రం మన మండువా లోగిలి: మధ్యలో చదరం, చుట్టూ వసారాల్లా పట్టీలు. తేలిగ్గా కనిపించి మోసం చేస్తుంది. పొడుగు పట్టీ పెట్టి కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే గుడ్డ సాగి అంచులు అలల్లా లేస్తాయి. ప్రతి పట్టీనీ ముందే కొలిచి కత్తిరించాలి. నేను రెండుసార్లు విప్పాను.

గుడ్డకి ఖర్చు పెట్టకండి. టైలరు దగ్గర మిగిలిన టూ బై టూ (జాకెట్లకి వాడే నూలు గుడ్డ) ముక్కలు చాలు. పాలియెస్టరు కలపొద్దు, నూలుకి పెట్టే వేడికి అది ముడుచుకుపోతుంది. ఎరుపు, నీలం ముక్కలు మాత్రం నీళ్ళు తేటగా వచ్చేదాకా ఉతకండి. నా తెల్ల గళ్ళు రెండు గులాబీ అయ్యాయి. వర్షాకాలంలో కుట్టిన బ్లాకులు బీరువాలో దొంతర పెట్టొద్దు. మన తేమకి నల్ల చుక్కలు పడితే పోవు.

పాడైన బ్లాకులు పారేయకండి. నా పదకొండున్నర బ్లాకుకి నాలుగు వైపులా అంగుళం వెడల్పు పట్టీలు కుడితే సరిగ్గా పన్నెండున్నర అయింది. 12 బ్లాకులు (కుట్లు పోను ఒక్కోటి 12 అంగుళాలు కనబడుతుంది) వరసకి 3 చొప్పున పేర్చి, మధ్యలోనూ చుట్టూనూ 2 అంగుళాలు కనబడేలా పట్టీలు వేస్తే 44 బై 58 అంగుళాలు వచ్చింది. లోపల దూది బదులు అమ్మమ్మ పాత చీర పెట్టాను. టాకాలు మధ్య నుంచి అంచులకి వేసుకుంటూ వస్తే ముడతలు రావు. మా మేనకోడలు దాన్ని వదిలి పడుకోదు.

ఈ వారం 9 గళ్ళది కుట్టి, కొలత ఎంతొచ్చిందో కింద రాయండి. అది చూస్తే మీ కుట్టు ఎంత లోపలికి పోతోందో చెప్పేయొచ్చు.