తెల్ల పైన్‌కు తుప్పు తెగులు: తట్టుకొనే చెట్టు రావడానికి ఇన్నేళ్లా?

ప్రశ్న: ఒరెగాన్‌లో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లినప్పుడు కొండల మీద కొన్ని తెల్ల పైన్ చెట్లు ఎండిపోయి కనిపించాయి. తుప్పు తెగులే కారణమనీ, దాన్ని తట్టుకొనే చెట్లను దశాబ్దాలుగా తయారుచేస్తున్నారనీ విన్నాను. వరిలోనైతే ఇంత కాలం పట్టదు కదా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తుప్పు తెగులును కలిగించే శిలీంధ్రం ఉత్తర అమెరికాది కాదు. 1910లో ఫ్రాన్స్ నుంచి కెనడాలోని వాంకూవర్‌కు తెచ్చిన పైన్ నారుతో పడమటి తీరానికి చేరింది. ఇది పైన్ నుంచి పైన్‌కు నేరుగా సోకదు. మన ఉసిరితో ఏ సంబంధమూ లేని గూస్‌బెర్రీ, దాని దాయాది పొదల ఆకుల మీద కొంతకాలం బతికి, అక్కడి నుంచి పైన్ సూదులకు, అంటే సూదుల్లాంటి దాని ఆకులకు చేరుతుంది. అందుకే ఒకప్పుడు వేలాది కూలీలతో ఆ పొదలను పీకించారు గానీ, మిగిలిన వేళ్ల నుంచి అవి మళ్లీ చిగురించాయి.

చుట్టూ చెట్లన్నీ చస్తున్నా పచ్చగా నిలిచిన ఒకటీ అరా చెట్లను తల్లిదండ్రులుగా తీసుకొని సంకరపరిచే పనిని 1950లో ఐడహోలో రిచర్డ్ బింగమ్ మొదలుపెట్టారు. ఆలస్యమంతా ఇక్కడి నుంచే. పరాగ సంపర్కం జరిగాక కాయ ముదరడానికే రెండో ఏడు రావాలి. ఒరెగాన్‌లోని డొరీనా కేంద్రంలో రెండేళ్ల మొక్కలను చల్లని, తేమ నిండిన గదిలో పెట్టి, తెగులు సోకిన గూస్‌బెర్రీ జాతి పొదల ఆకులను వాటి పైన జాలీల మీద పరుస్తారు. శిలీంధ్రపు విత్తనాల్లాంటి సిద్ధబీజాలు సూదుల మీద రాలుతాయి. కొన్ని నెలలకు సూదులపై పసుపు మచ్చలు, ఆ తరువాత కాండంపై పుండ్లు వస్తాయి. ఏ మొక్క చస్తుందో, ఏది పుండును మాన్పుకొంటుందో ఏళ్ల తరబడి గమనిస్తారు. నాలుగైదు నెలల్లో కోతకొచ్చే వరితో దీన్ని పోల్చలేం.

వేగం కోసం ఒక్క బలమైన జన్యువునే నమ్ముకోవడం నా దృష్టిలో ప్రమాదకరం. తెల్ల పైన్‌లోని సీఆర్2 అనే జన్యువు, తెగులు సోకిన చోట సూది కణాలను చంపేసి శిలీంధ్రాన్ని కాండం దాకా పోనివ్వదు. కానీ ఒరెగాన్‌లోనే ఛాంపియన్ మైన్ అనే చోట దాన్ని దాటగల శిలీంధ్ర రకం బయటపడింది. అగ్గి తెగులును తట్టుకొనే వరి రకాలు లొంగిపోవడం చూసిన మన రైతులకు ఇది కొత్త కాదు. అందుకే తెగులు సోకినా అది నెమ్మదిగా పెరిగేలా చేసే, అనేక జన్యువుల మీద ఆధారపడిన పాక్షిక నిరోధక శక్తిని కూడా ఒకే చెట్టులోకి చేర్చాలని చూస్తున్నారు.

మీ అమ్మాయి పెరట్లో తెల్ల పైన్ నాటాలనుకుంటే, తెగులును తట్టుకొనే విత్తన తోట నుంచి వచ్చిన మొక్కనే అడగమనండి. తేమ నిలిచే కింది కొమ్మల్లోనే తెగులు ఎక్కువగా సోకుతుంది కాబట్టి, చెట్టు ఎదిగేకొద్దీ వాటిని కత్తిరిస్తూ ఉండాలి.