క్రాన్‌ట్యాబ్ మాన్యువల్‌లో ఐదు గడుల వివరం ఎక్కడ?

లినక్స్‌లో పనులు నిర్ణీత సమయానికి వాటంతటవే నడిచేలా పెట్టేది క్రాన్‌ట్యాబ్. మాన్యువల్ పేజీలు చూపే ‘మ్యాన్’ కమాండ్‌తో ‘మ్యాన్ క్రాన్‌ట్యాబ్’ కొడితే ఆప్షన్లే వస్తున్నాయి, సమయం చెప్పే ఐదు గడులు (నిమిషం, గంట, తేదీ, నెల, వారంలో రోజు) రాసే పద్ధతి లేదు అన్నారు కదండీ. ఉంది, కానీ వేరే పేజీలో. ఒకే పేరుతో రెండు పేజీలున్నాయి: 1వ సెక్షన్‌లో కమాండ్, 5వ సెక్షన్‌లో ఫైల్ ఫార్మాట్. నంబర్ ఇవ్వకపోతే ముందు 1వదే తెరుచుకుంటుంది. అందుకే ‘మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్’ అని కొట్టండి.

పేజీ తెరిచాక అందులో వెతకడానికి స్లాష్ నొక్కి, ‘ప్రతి పది నిమిషాలకు’ లాంటి విరామం రాసే పద్ధతి కోసమైతే ‘స్టెప్’ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. చిన్న ఎన్ తర్వాతి చోటికి, పెద్ద ఎన్ వెనక్కి తీసుకెళ్తాయి. బయటికి రావడానికి క్యూ. అక్కడే ఉన్న ఒక గమనిక తప్పక చదవండి: తేదీ గడి, వారం గడి రెండూ నింపితే రెండూ కలిసిన రోజే కాదు, ఏ ఒక్కటి కుదిరినా పని నడుస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

పేజీ పేరే తెలియకపోతే ‘మ్యాన్ మైనస్ కె’ పక్కన వెతికే మాట ఇవ్వండి. పేర్ల పక్కన బ్రాకెట్‌లో సెక్షన్ నంబర్ కూడా వస్తుంది. పేజీ ఉందని తెలిసినా ‘నథింగ్ అప్రోప్రియేట్’ (ఏమీ దొరకలేదు) అంటే మ్యాన్ పేజీల సూచిక తయారై ఉండకపోవచ్చు. దాన్ని తయారుచేసే ‘సుడో మ్యాన్‌డీబీ’ కమాండ్ ఒకసారి నడిపి మళ్లీ వెతకండి.